తగ్గింపు ధరకు వస్తున్న ఎలక్ట్రిక్ బండి కొనవచ్చా? తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద పదివేలు, ఇరవై వేలు తగ్గించామని షోరూముల ముందు బోర్డులు కనిపించిన ప్రతిసారీ తెలిసినవాళ్ళు అవే సందేహాలతో ఫోను చేస్తుంటారు. అడిగినవారికల్లా విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని ఇవి కూర్చాను. ఇక్కడ చెప్పేది మధ్యస్థాయి బండ్ల గురించి. అంటే ఆన్‌రోడ్ ధర లక్ష నుంచి లక్షా నలభై వేల మధ్య, బ్యాటరీ సుమారు 2.5 నుంచి 3.5 కిలోవాట్ అవర్లు ఉన్నవి. కిలోవాట్ అవర్ అంటే కంగారు పడనక్కర్లేదు, మన కరెంటు మీటరు లెక్కలో ఒక యూనిట్.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇరవై వేలు తగ్గిస్తున్నారు. వెంటనే బుక్ చేసేయమంటారా?

ముందు ఎందుకు తగ్గిస్తున్నారో అడగండి. నా దృష్టిలో తగ్గింపు ఎంత అన్నది రెండో ప్రశ్నే. కొత్త మోడల్ వచ్చింది కాబట్టి పాతది ఖాళీ చేస్తున్నారనుకోండి, భయం లేదు. ఆ బండికి విడిభాగాలు ఇంకా కొన్నేళ్ళు దొరుకుతాయి, తేడా అంతా తెరలోనో సీటులోనో ఉంటుంది. డిసెంబరులో తగ్గించారంటే కారణం క్యాలెండరు మారడమే, అదీ మంచి బేరమే. జనం అడగని రంగు మిగిలిపోయిందంటే ఇంకా మంచిది.

జాగ్రత్త పడవలసిన కారణాలు వేరే ఉన్నాయి. ఆ మోడల్ తయారీనే ఆపేశారా? ఊళ్ళో ఉన్న ఒక్క డీలరూ ఏజెన్సీ వదులుకుంటున్నాడా? సర్వీసు సెంటరు ముందు దుమ్ము పట్టిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయా? అలాంటి చోట ఇరవై వేలు తగ్గినా, నలభై వేలు తగ్గినా నేను కొనమని చెప్పను.

నేను రోజుకు పది కిలోమీటర్లు కూడా తిరగను. నాకు గిట్టుబాటవుతుందా?

డబ్బు లెక్కలో చూస్తే కష్టమే. పెట్రోలు లీటరు 110 రూపాయల దగ్గర ఉందనుకుందాం. ఊళ్ళో 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరుకు కిలోమీటరుకు రెండు రూపాయల నలభై పైసలు పడుతుంది. ఎలక్ట్రిక్ బండికి ఇంటి కరెంటుతో ముప్పై, నలభై పైసలు దాటదు. మిగిలేది కిలోమీటరుకు రెండు రూపాయలు.

బైరాగిపట్టెడలో ఉండి బాలాజీ కాలనీకి మాత్రమే వెళ్ళివచ్చే వ్యక్తి ఏడాదికి రెండున్నర వేల కిలోమీటర్లు తిరిగితే మిగిలేది ఐదు వేలు. రేణిగుంట దాకానో, కరకంబాడి ఫ్యాక్టరీకో, ఏర్పేడు వైపో రోజూ వెళ్ళివచ్చే ఉద్యోగి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరుగుతాడు, అతనికి మిగిలేది పద్దెనిమిది వేలు. అదే బండి, అదే తగ్గింపు. పెట్రోలు బండికంటే ఎక్కువ పెట్టిన డబ్బు ఒకరికి ఏడాదిలో తిరిగి వస్తుంది, మరొకరికి నాలుగేళ్ళు పడుతుంది. రోజుకు ఇరవై ఐదు కిలోమీటర్లకు పైగా తిరిగేవారు ధైర్యంగా ముందుకు వెళ్ళవచ్చు.

పెట్రోలు బండ్ల మీద కూడా జీఎస్టీ తగ్గింది కదా, ఇంకా ఎలక్ట్రిక్ ఎందుకు?

తగ్గిన మాట నిజం. 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలపై 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం అయింది. ఎలక్ట్రిక్ వాహనాలపై 2019 ఆగస్టు నుంచీ 5 శాతమే, అందులో మార్పు లేదు. కాబట్టి రెండింటి ధరల మధ్య తేడా పెరిగింది. అందుకే పాత లెక్కలు చూసి నిర్ణయించుకోకండి. మీరు కొనాలనుకున్న ఎలక్ట్రిక్ బండి ఆన్‌రోడ్ ధరను, దానితో పోల్చదగిన 110 లేదా 125 సీసీ పెట్రోలు స్కూటరు ఆన్‌రోడ్ ధరను ఒకే కాగితం మీద రాసుకోండి. తేడా ఇరవై వేల లోపు ఉండి, మీ తిరుగుడు ఎక్కువైతే ఎలక్ట్రిక్. తేడా నలభై వేలు దాటి, తిరుగుడు తక్కువైతే పెట్రోలు బండికే వెళ్ళండి, అందులో తప్పేమీ లేదు.

బోర్డు మీద కొట్టేసిన పాత ధర నమ్మవచ్చా?

నమ్మకండి. కేంద్ర సబ్సిడీ మెట్లు మెట్లుగా దిగింది. 2021 జూన్ నుంచి బ్యాటరీలో ఒక్కో కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలు ఇచ్చారు. 2023 జూన్‌లో అది 10,000కు తగ్గింది. 2024 ఏప్రిల్‌లో 5,000 అయి, బండికి 10,000 మించకూడదన్నారు. 2025 ఏప్రిల్ నుంచి 2,500 చేసి, గరిష్ఠం 5,000గా పెట్టారు. ఇలా సబ్సిడీ దిగుతూ వచ్చిన కాలంలోనే కంపెనీల మధ్య పోటీ, చిన్న బ్యాటరీల మోడళ్ళు కలిసి బండ్ల ధరలను చాలా కదిలించాయి. ఎప్పటిదో గరిష్ఠ ధర రాసి దానిమీద గీత గీస్తే తగ్గింపు పెద్దదిగా కనిపించడం సహజం.

మీరు అడగవలసింది ఒక్కటే: మూడు నెలల కిందట ఇదే బండి, ఇదే బ్యాటరీతో ఎంత ఆన్‌రోడ్‌కు ఇచ్చారు? ఈమధ్య కొన్నవాళ్ళ ఇన్‌వాయిస్ ఒకటి సంపాదించగలిగితే ఆ బోర్డుతో పనే లేదు.

అరవై వేలకే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండ్లు వస్తున్నాయి. అవి తీసుకుంటే సరిపోదా?

అవి వేరే జాతి. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకపోతేనే ఆ మినహాయింపు. వీధి చివర కూరగాయల దుకాణానికి, పిల్లల్ని దగ్గరి బడిలో దింపడానికి పనికొస్తాయి. రేణిగుంట రోడ్డులో లారీల మధ్య 25 కిలోమీటర్ల వేగంతో వెళ్ళడం మాత్రం ప్రమాదమే. వేగం పెంచి ఇస్తామని ఎవరైనా చెబితే అసలు ఒప్పుకోవద్దు. వేగం పెరిగిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని మోటారు వాహనం అవుతుంది. ఏదైనా జరిగితే భారమంతా నడిపినవారి మీదే.

ఆషాఢంలో కొనాలా, దసరా దాకా ఆగాలా?

మన ప్రాంతంలో తమిళనాడు గాలి తగులుతుంది కాబట్టి ఆడి తగ్గింపులు, ఆషాఢం ఆఫర్లు రెండూ వస్తాయి. ఆ నెలలో మంచి పనులు మొదలుపెట్టరు కాబట్టి షోరూములు ఖాళీగా ఉంటాయి, బేరానికి అదే అదను. సెంటిమెంటు ఉన్నవారు ధర ఖాయం చేసుకుని, రాతపూర్వకంగా తీసుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకోవచ్చు. చాలామంది డీలర్లు ఒప్పుకుంటారు.

## షోరూములో నిలబడి చూస్తున్నప్పుడు

బండి ఎప్పుడు తయారైందో ఎలా తెలుసుకోవాలి?

ఫారం 22 చూపించమనండి. తయారీదారు ఇచ్చే ఈ పత్రంలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రిజిస్ట్రేషన్‌కు అది తప్పనిసరి, కాబట్టి లేదనడానికి వీల్లేదు.

బండి దగ్గరే చూడాలంటే ఛాసిస్ నంబరులో పదో అక్షరం చూడండి. సాధారణంగా అది సంవత్సరాన్ని చెబుతుంది: ‘పి’ ఉంటే 2023, ‘ఆర్’ అయితే 2024, ‘ఎస్’ అయితే 2025, ‘టి’ అయితే 2026. మధ్యలో ‘క్యూ’ అక్షరం వాడరు. డబ్బు కట్టాక చూపించిన బండి ఒకటి, ఇచ్చింది ఒకటి కాకుండా ఆ నంబరును ఫోనులో ఫోటో తీసుకోండి, ఇన్‌వాయిస్ మీద అదే నంబరు రాయించండి.

ఏడాది పాత స్టాకైతే బ్యాటరీ పాడై ఉంటుందా?

ఏడాది కదలకుండా ఉన్నంత మాత్రాన లిథియం బ్యాటరీ పాడైపోదు. ఎలా ఉంచారన్నది ముఖ్యం. సగం ఛార్జితో నీడలో ఉంచితే నష్టం స్వల్పం. పూర్తిగా ఖాళీ అయి, రేకుల షెడ్డులో ఒక వేసవి గడిపితే మాత్రం నష్టం ఉంటుంది. మన ఊళ్ళో మే నెల ఎండ 42 డిగ్రీలు తాకినప్పుడు రేకుల కింద ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు.

కాబట్టి మూడు పనులు చేయించండి. బండిని సర్వీసు ల్యాప్‌టాప్‌కు కలిపి బ్యాటరీ ఆరోగ్య శాతం చూపించమనండి. నూరు శాతం ఛార్జి చేయించి, ఆ స్థితిలో తెర మీద చూపిస్తున్న దూరాన్ని కొత్త స్టాకు బండితో పోల్చండి. వారంటీ ఇన్‌వాయిస్ తేదీ నుంచి మొదలవుతుందని కాగితం మీద రాయించుకోండి. చాలా బండ్లలో లైట్లు, తాళం పనిచేయడానికి విడిగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చాలాకాలం నిలబెడితే ముందు చచ్చేది అదే. దాన్ని కొత్తది వేసి ఇవ్వమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

కంపెనీ 120 కిలోమీటర్లు వస్తుందంటోంది. నిజంగా ఎంత వస్తుంది?

ప్రకటనలో కనిపించే అంకె ప్రయోగశాలలో, నిర్ణీత పద్ధతిలో వచ్చినది. ఊళ్ళో ఇద్దరు ఎక్కి, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ, మామూలు మోడ్‌లో నడిపితే అందులో 70 నుంచి 80 శాతం వస్తుందని అనుకోండి. అంటే 120 అన్నది 85, 95 మధ్య ఉంటుంది. హైవే మీద 65 వేగంతో వెళితే ఇంకా తగ్గుతుంది. మీ రోజువారీ దూరానికి రెట్టింపు నిజమైన రేంజ్ ఉన్న బండి కొంటే నాలుగేళ్ళ తర్వాత కూడా ఇబ్బంది పడరు.

ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ అంటున్నారు. మన ఎండలకు ఏది మంచిది?

రెండూ లిథియం బ్యాటరీలే. ఎల్‌ఎఫ్‌పీ బరువు ఎక్కువ, వేడికి నిదానంగా స్పందిస్తుంది, ఎక్కువసార్లు ఛార్జి చేయవచ్చు. ఎన్‌ఎంసీ తక్కువ బరువులో ఎక్కువ దూరం ఇస్తుంది, వేడి విషయంలో నిర్వహణ వ్యవస్థ గట్టిగా ఉండాలి. మధ్యస్థాయి స్కూటర్లలో ఎన్‌ఎంసీయే ఎక్కువ. రసాయనం పేరు చూసి బండి వద్దనుకోవడం సరికాదు, వారంటీ ఎన్నేళ్ళు ఇస్తున్నారో చూడండి.

బ్యాటరీలు తగలబడుతున్నాయని విన్నాం. ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారు.

2022లో వరసగా జరిగిన ప్రమాదాలు ఆ భయానికి మూలం. వాటి తర్వాత ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేశారు. సవరించిన నిబంధనలు 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడతగా, 2023 మార్చి 31 నుంచి రెండో విడతగా అమల్లోకి వచ్చాయి. ఒక సెల్లు మండితే ఆ మంట పక్క సెల్లులకు పాకకుండా చూడడం ఆ పరీక్షల్లో ముఖ్యమైనది. అందుకే ఎంత చౌకగా వచ్చినా, 2023 ఏప్రిల్ కంటే ముందు తయారైన బండిని కొత్తదైనా సరే, వాడినదైనా సరే నేను తీసుకోమనను. ఈ విషయంలో బేరం లేదు.

డెమో బండి ఇంకో పదిహేను వేలు తక్కువకు ఇస్తామంటున్నారు.

టెస్ట్ రైడ్ బండిని రోజంతా కొత్తవాళ్ళు పూర్తి వేగంతో లాగుతారు, సగం ఛార్జి కాకముందే మళ్ళీ తీస్తారు. ఓడోమీటరు రెండు వేల కిలోమీటర్ల లోపు ఉండి, బ్యాటరీ ఆరోగ్యం చూపించి, మొదటి యజమాని మీరేనని ఆర్‌సీలో వస్తే ఆలోచించవచ్చు. షోరూము పేరు మీద ముందే రిజిస్టరై ఉంటే మీరు రెండో యజమాని అవుతారు. అప్పుడు పదిహేను వేలు చాలదు.

ఏ కంపెనీ మంచిది, ఒక్క పేరు చెప్పండి.

పేరు చెప్పడం తేలిక, కానీ మీ ఇంటికి దగ్గరలో ఎవరి సర్వీసు బాగుందో దాన్నిబట్టి జవాబు మారుతుంది. టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ చేతక్ 2020లో వచ్చాయి, పెట్రోలు బండ్ల కాలం నుంచి ఉన్న డీలర్ల బలం వాటికి ఉంది. ఏథర్ రిజ్టా 2024లో కుటుంబాల కోసమని వచ్చింది. హీరో విడాలో బ్యాటరీ బయటికి తీయవచ్చు, మేడ మీద అద్దెకుండేవారికి అదొక వరం.

వాహన్ డాష్‌బోర్డు అనే ప్రభుత్వ పేజీ అందరికీ తెరిచి ఉంది. అందులో మీ ఆర్టీవో కార్యాలయాన్ని ఎంచుకుంటే ఏ కంపెనీ బండ్లు ఎన్ని రిజిస్టరవుతున్నాయో నెలవారీగా కనిపిస్తాయి. మన ఊళ్ళో ఒక కంపెనీ అమ్మకాలు నెలనెలా పడిపోతుంటే ఆ తగ్గింపు ఎందుకిస్తున్నారో అక్కడే తెలిసిపోతుంది. చిత్తూరు, పుంగనూరు, పలమనేరు వైపు వారు మరో సంగతి చూసుకోవాలి: సర్వీసు తిరుపతిలోనే ఉంటే ప్రతి చిన్న పనికీ బండిని అంతదూరం తేవాలి, లేదా ట్రాలీ ఆటో ఎక్కించాలి. ఆ రెండు ప్రయాణాలతోనే తగ్గింపు సగం కరిగిపోతుంది.

## డబ్బు కట్టేటప్పుడు

కొటేషన్‌లో ఏ వరసలు జాగ్రత్తగా చూడాలి?

ఎక్స్‌షోరూం ధర, పన్ను, రిజిస్ట్రేషన్, బీమా తప్ప మిగిలిన ప్రతి వరసకూ ఇదేమిటి అని అడగండి. హ్యాండ్లింగ్ ఛార్జీలని రాస్తే తీసేయమనండి. ఛార్జరు ధర విడిగా ఉందేమో చూడండి. 2023లో కొన్ని కంపెనీలు ఛార్జరుకు విడిగా వసూలు చేసిన సొమ్మును కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. కనెక్టెడ్ ఫీచర్లకు, అంటే ఫోనుతో, ఇంటర్నెట్‌తో పనిచేసే సదుపాయాలకు ఏటా చందా ఉంటే మొదటి ఏడాది తర్వాత ఎంతో రాయించుకోండి. చందా కట్టకపోతే ఏవేవి ఆగిపోతాయో అడగండి. నావిగేషన్ ఆగినా ఫరవాలేదు, వేగపు మోడ్‌లు ఆగితే మాత్రం అది మీరు పూర్తిగా కొన్న బండి కాదు.

ఎక్స్ఛేంజ్ బోనసును తగ్గింపులో కలిపి చూపిస్తారు. మీ పాత బండిని బయట అమ్మితే ఎంత వస్తుందో ముందే కనుక్కోండి. షోరూములో ఐదు వేలు బోనసు ఇచ్చి, పాత బండి ధరలో ఏడు వేలు కోసేయడం చాలాచోట్ల చూస్తాం.

లోను మీద తీసుకుంటే తగ్గింపు మిగులుతుందా?

మీకు చెప్పిన వడ్డీ ఏ రకమో చూసుకుంటేనే మిగులుతుంది. తొంభై వేల అప్పు, మూడేళ్ళ గడువు, 12 శాతం వడ్డీ అనుకుందాం. తగ్గుతున్న అసలు మీద వడ్డీ లెక్కిస్తే నెలకు దాదాపు 2,990 రూపాయలు, మొత్తం వడ్డీ పదిహేడున్నర వేల పైచిలుకు. అదే 12 శాతాన్ని ఫ్లాట్ అని, అంటే మూడేళ్ళూ మొత్తం తొంభై వేల మీదే లెక్కిస్తే మొత్తం వడ్డీ 32,400. తేడా పదిహేను వేలకు దగ్గర. బోర్డు మీద రాసిన తగ్గింపు ఎటు పోతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

అందుకని శాతం అడగకండి. నెలకు ఎంత, ఎన్ని నెలలు, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని అడిగి హెచ్చవేసి చూడండి. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో కూడా అప్పుడే అడగండి.

బీమా షోరూములోనే తీసుకోవాలా?

అక్కర్లేదు. కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఎలక్ట్రిక్ బండ్లకు ఆ ప్రీమియం మోటారు శక్తిని బట్టి ఉంటుంది, పెట్రోలు బండ్లతో పోలిస్తే 15 శాతం రాయితీ ఇచ్చారు. మీ బండికి జరిగే నష్టానికి తీసుకునే భాగాన్ని మాత్రం బయట ధరలు చూసి ఎంచుకోవచ్చు. బ్యాటరీలోకి నీరు చేరితే వర్తిస్తుందా అన్నది అడగండి. నవంబరు వానలు చూసినవారికి ఎందుకో చెప్పనక్కర్లేదు.

మూడేళ్ళ వారంటీ చాలా, ఎనిమిదేళ్ళది కొనాలా?

బండి ధరలో మూడో వంతుకు పైగా బ్యాటరీదే ఉంటుంది. ఎక్కువ కంపెనీలు మూడేళ్ళు లేదా 50,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, కొన్ని 8 ఏళ్ళు లేదా 80,000 కిలోమీటర్ల దాకా పొడిగించుకోనిస్తాయి. ఏడాదికి తొమ్మిది వేలు తిరిగేవారికి ఆ పొడిగింపు విలువైనదే. తగ్గింపులో వచ్చిన డబ్బును నేనైతే దానికే పెడతాను. ఒక్క వాక్యం మాత్రం వెతకండి: బ్యాటరీ ఆరోగ్యం 70 శాతం కంటే పడిపోతే మారుస్తామని రాసి ఉందా? పూర్తిగా చచ్చిపోతేనే మారుస్తామంటే ఆ ఎనిమిదేళ్ళకు పెద్ద అర్థం లేదు.

## ఇంటికి తెచ్చుకున్నాక

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగితే నెలకు 35 నుంచి 40 యూనిట్లు. మన రాష్ట్రంలో ఇళ్ళకు 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు. పైనున్న యూనిట్లకే ఆ రేటు పడుతుంది, మొత్తం బిల్లుకు కాదు. కాబట్టి మామూలు ఇంట్లో 220 నుంచి 250 రూపాయలు, వేసవిలో ఏసీ నడుస్తున్న ఇంట్లో 350 దాకా, పైన సర్దుబాటు ఛార్జీలు కొంత. అదే దూరానికి పెట్రోలు రెండు వేలు దాటుతుంది.

అద్దె ఇంట్లో ఉంటున్నాం, మామూలు ప్లగ్గుతో ఛార్జి అవుతుందా?

అవుతుంది. ఉన్న ఇంటి కనెక్షన్‌తోనే చేసుకోవచ్చు, కొత్త మీటరు అక్కర్లేదు. కానీ ఎర్తింగ్ సరిగా ఉండాలి, ప్లగ్గు 15 ఆంపియర్లది అయితే మంచిది. కిటికీలోంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీసి రాత్రంతా ఛార్జి పెట్టడం మానండి, బండికంటే ముందు ఆ వైరే వేడెక్కుతుంది. ఇంటి యజమాని కరెంటు ఖర్చుకు భయపడితే ఇరవై ఐదు రూపాయలకు ఒకసారి పూర్తి ఛార్జి అవుతుందని లెక్క చెప్పండి, లేదా చిన్న సబ్‌మీటరు పెట్టించండి. కొనకముందే ఆయన ఒప్పుకోలు తీసుకోవడం ముఖ్యం.

ఎండలో నిలబెడితే బ్యాటరీ దెబ్బతింటుందా?

ఒకరోజు నిలబెడితే కాదు. ఎండలో తిరిగి వచ్చి వెంటనే ఛార్జరు పెట్టడం అసలు చేటు. అరగంట, ముప్పావు గంట నీడలో చల్లారనివ్వండి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున ఛార్జి పెట్టుకుంటే బ్యాటరీకీ మంచిది. రోజూ నూరు శాతం నింపి ఉంచవలసిన పని లేదు, 80 దగ్గర ఆపితే ఆయుష్షు పెరుగుతుంది. ఊరికి వెళ్ళి నెలరోజులు రాకపోతే సగం ఛార్జితో వదిలి వెళ్ళండి.

వానాకాలంలో నీళ్ళలో నడపవచ్చా?

వానలో నడపవచ్చు. నిలిచిన నీళ్ళలోకి దింపవద్దు. ఐపీ67 అని రాసి ఉంటే ఆ భాగాన్ని కొత్తగా ఉన్నప్పుడు ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉంచి పరీక్షించారని అర్థం. అది బ్యాటరీకో, మోటారుకో వర్తిస్తుంది, మొత్తం బండికి కాదు. రెండేళ్ళు గుంతల్లో ఊగిన తర్వాత రబ్బరు సీళ్ళు అలాగే ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వరు. 2021 నవంబరు వరదలు చూసిన తిరుపతికి ఇది చిన్న విషయం కాదు. వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్ళు నిలిచాయంటే చుట్టు తిరిగి వెళ్ళండి. నీళ్ళలో మునిగిన బండిని ఆన్ చేయకుండా, ఛార్జి పెట్టకుండా సర్వీసుకు పంపండి.

## కొండ దారి, దూర ప్రయాణం

ఇద్దరం ఎక్కి తిరుమల ఘాట్ ఎక్కగలమా?

మధ్యస్థాయి బండి ఎక్కుతుంది. లెక్క చూద్దాం. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. బండి, ఇద్దరు మనుషులు కలిసి 255 కిలోలు అనుకుంటే ఆ బరువును అంత పైకి ఎత్తడానికే అర యూనిట్ కావాలి. మోటారులో పోయేది, దాదాపు 18 కిలోమీటర్ల దూరానికి మామూలుగా అయ్యేది కలిపితే ఒక యూనిట్ దాటుతుంది. మూడు యూనిట్ల బ్యాటరీలో ఇది 40 శాతం. కాబట్టి అలిపిరి దగ్గర 70 శాతం చూపిస్తుంటే నిశ్చింతగా వెళ్ళిరావచ్చు.

ఇబ్బంది ఛార్జితో కాదు, వేడితో. చక్రంలోనే మోటారున్న బండ్లు నిటారు మలుపుల్లో నిదానంగా, ఆగకుండా ఎక్కుతున్నకొద్దీ వేడెక్కి తమంతట తామే శక్తి తగ్గించుకుంటాయి. వేగం 20కి పడిపోతే గాబరా పడకుండా పక్కకు ఆపి పది నిమిషాలు ఆగండి. కొనేముందు టెస్ట్ రైడ్‌లో వెనక ఒకరిని ఎక్కించుకుని కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు ఎక్కించి చూడండి. ద్విచక్ర వాహనాలను కొండ మీదికి అనుమతించే వేళలు మారుతుంటాయి, చూసుకుని బయలుదేరండి.

దిగేటప్పుడు ఛార్జి పెరుగుతుందా?

కొద్దిగా. రీజనరేషన్ ఉన్న బండిలో దిగువకు వస్తుంటే మోటారే జనరేటరై బ్యాటరీకి కొంత ఇస్తుంది. అసలు లాభం బ్రేకులు చల్లగా ఉండడం. ఒక్క జాగ్రత్త: తిరుమలలో ఉండేవారు నూరు శాతం ఛార్జి చేసి దిగడం మొదలుపెడితే ఇంకా నింపడానికి చోటుండదు, రీజనరేషన్ పనిచేయదు. థ్రాటిల్ వదిలితే బండి రోజూలా పట్టుకోదు, జారిపోతుంది. దిగేవారు 85, 90 శాతం దగ్గరే ఛార్జి ఆపాలి.

తిరుపతి నుంచి చిత్తూరు, కాణిపాకం వెళ్ళి రావచ్చా?

ఒక్క ఛార్జితో వెళ్ళి రావడం కుదరదు. ఒకవైపే 70 కిలోమీటర్ల దూరం, పైగా హైవే వేగం. అక్కడ మూడు నాలుగు గంటలు ప్లగ్గు దొరికే బంధువుల ఇల్లుంటే సరే. వారానికోసారి ఇలా వెళ్ళేవారికి ఇంట్లో ఉన్న ఒకే ఒక బండి ఎలక్ట్రిక్‌ది కావడం మంచిది కాదు. శ్రీకాళహస్తి, పుత్తూరు అయితే పూర్తి ఛార్జితో హైవే వేగం అదుపులో పెట్టుకుని వెళ్ళి రావచ్చు.

## ఏదైనా తేడా వస్తే

నాలుగేళ్ళకు అమ్మితే ఎంత వస్తుంది?

పెట్రోలు స్కూటరుకు వచ్చినంత రాదు. కొనేవాడు బ్యాటరీ గురించే భయపడతాడు కాబట్టి వారంటీ మిగిలి ఉన్న బండికే ధర పలుకుతుంది. అది మరొకరి పేరుకు బదిలీ అవుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి. రెండేళ్ళకోసారి బండి మార్చే అలవాటున్నవారికి, ఎంత తగ్గింపు ఇచ్చినా, ఇది నష్టపు బేరం.

సర్వీసుకు ఇచ్చి వారాలు గడుస్తున్నా బండి ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ముందు ప్రతి మాటా కాగితం మీదికి తెచ్చుకోండి. బండి ఇచ్చిన రోజున జాబ్ కార్డు మీద తేదీ, కిలోమీటర్లు, ఛార్జి శాతం, ఫిర్యాదు రాయించి సంతకం తీసుకోవాలి. ఫోనులో చెప్పిన హామీలను అదే రోజు ఈమెయిల్‌గా పంపాలి. పదిహేను రోజులకు కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. కంపెనీల పెద్ద కార్యాలయాలు డీలరు మాటకంటే ఆ ఫిర్యాదు నంబరుకు త్వరగా స్పందిస్తాయి.

అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. లోపం బయటపడిన రెండేళ్ళలోపు వేయాలి, వకీలు లేకుండా మీరే వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేసే వీలు ఆ చట్టం ఇచ్చింది కాబట్టి చిత్తూరువారు షోరూము తిరుపతిలో ఉందని అక్కడికి తిరగనక్కర్లేదు. తగ్గింపు ధరకు కొన్నారు కాబట్టి వారంటీ వర్తించదని కౌంటరులో ఎవరైనా అంటే, ఆ మాటను రాసి సంతకం చేసి ఇవ్వమనండి. కొన్న ధర ఎంతైనా, వారంటీ పత్రంలో ఉన్నదంతా మీకు రావలసిందే.